ఆ కార్డు మా ఆవిడ ఎంచుకున్నది కాదు

మా బంధువులు మా ఇంటి గురించి ఒక కథ చెప్పుకుంటారు. మా ఆవిడ లినక్స్ అనే ఉచిత సిస్టమ్ మీద మోజుపడి, దానికి సరిపోయే గ్రాఫిక్స్ కార్డు కోసం వారాల తరబడి చదివి, చివరికి ఒక కార్డు తెప్పించిందట. దాన్ని పెట్టగానే కంప్యూటర్ తెర నల్లబడిపోయిందట. కథ అంతే. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర, శుభకార్యాలకి వెళ్ళే కారులో, ఎక్కడైనా ఫోన్లూ కంప్యూటర్ల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు ఎత్తుకుంటారు.

ఈ కథ పుట్టించినవాణ్ణి నేనే. ఒక్క ముక్క తప్ప అందులో అంతా నిజం. ఆ కార్డు ఆవిడ ఎంచుకున్నది కాదు, నేను ఎంచినది. ఈ మధ్య ఈ మాట బంధువులకి చెప్పి చూశాను. ఎవరూ నమ్మలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నాది చేపల చెరువులకీ రొయ్యల చెరువులకీ ఏరేటర్లు అమ్మే ఉద్యోగం. నీళ్ళలో గిరగిరా తిరిగి గాలి కలిపే చక్రాల మిషన్లు అవి. ఏలూరులో కాపురం, కొల్లేరు చుట్టూ ఊళ్ళలో తిరుగుడు. మా ఆవిడ డిప్లొమా చదివి, పెళ్ళయ్యాక కొన్నేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పింది. పాప పుట్టాక మానేసింది. ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉండేది. ఎవరో వేసిచ్చిన దొంగ కాపీ సిస్టమ్‌తో నడిచేది. ఒకసారి దానికి వైరస్ పట్టి పాప చిన్నప్పటి ఫోటోలన్నీ పోయాయి. ఆవిడ రెండు రోజులు పాత సీడీలన్నీ పెట్టి వెతికింది. తర్వాత పాత సహోద్యోగి ఇచ్చిన డిస్కుతో లినక్స్ ఎక్కించింది. ఇది ఎవరి సొత్తూ కాదని, ఎవరైనా విప్పి చూసుకోవచ్చని, బాగుచేసుకోవచ్చని నాకు చెప్పింది. నేను దానికి రేషన్ సిస్టమ్ అని పేరు పెట్టాను. ఇంటికి రాగానే, "ఏంటి, నీ రేషన్ సిస్టమ్ ఏమంటోంది?" అనేవాణ్ణి. ఆవిడ నవ్వేది. "రేషన్ బియ్యమే తింటున్నారు కదండీ దోసెల్లో, బాగానే ఉన్నాయి కదా," అనేది.

ఆ సిస్టమ్ మీద త్రీడీ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా వస్తుంది. ఇంటి పనయ్యాక దాని ముందు కూర్చుని ఆవిడ గదులు కట్టేది, మెట్లు కట్టేది, కిటికీలోంచి ఎండ పడనిచ్చేది. మా చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురికి ఇళ్ళ నమూనాలు చేసిచ్చింది. అది విని కొల్లేరు లంక గ్రామం నుంచి ఒక పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. వాళ్ళ చర్చి పాతబడింది, కొత్తది కట్టాలి. నేలమట్టం ఎంత ఎత్తు లేపాలన్న దగ్గర సంఘంలో రెండు మాటలున్నాయట. ఎత్తు లేపితే ఖర్చు, లేపకపోతే వానాకాలం సరస్సు పొంగి లోపలికి వస్తుంది.

"నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో కళ్ళకి కనపడేలా చూపించగలరాండీ అమ్మా? మాటలతో అయితే మావాళ్ళు తెగనివ్వట్లేదు," అన్నారాయన.

ఆవిడ ఒప్పుకుంది. ఇళ్ళ గోడలు గీయడం వేరు, కదిలే నీళ్ళు గీయడం వేరు. మా పాత కంప్యూటర్ ఒక్క బొమ్మ తేల్చడానికి పూట పూటంతా గుర్రుమనేది. గ్రాఫిక్స్ కార్డు పెడితే అదే పని నిమిషాల్లో అవుతుందని ఆవిడ చెప్పింది. సంఘం కూర్చునే ఆదివారానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. మా ఇంట్లో దాని కోసం డబ్బు పక్కన పెట్టాం. అది ఆవిడకి మొదటి పెద్ద పని. ఇది కుదిరితే ఇంకో ఊళ్ళో కల్యాణ మండపం నమూనా కూడా ఆవిడకే ఇప్పిస్తానని పాస్టరుగారు అన్నారు.

అప్పుడు మొదలైంది చదువు. కార్డు కొనడం అంటే నా దృష్టిలో షాపుకి వెళ్ళి మంచిది ఇమ్మనడం. ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. కార్డుకీ సిస్టమ్‌కీ మధ్య డ్రైవరు అనే దుబాసీ ఒకడుంటాడు. వాడు లేకపోతే ఒకరి మాట ఒకరికి తెలియదు. ఒక కంపెనీ తన దుబాసీని తాళం వేసిన పెట్టెలో పెట్టి ఇస్తుంది, లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ఇంకో కంపెనీ అంతా బయటపెడుతుంది కాబట్టి ఆ దుబాసీ లినక్స్‌లోనే కలిసిపోయి వస్తాడు, మనం విడిగా ఏమీ ఎక్కించనక్కర్లేదు. అయితే కొత్తగా విడుదలైన కార్డుకి వాడు రావడానికి నెలలు పడుతుంది. అందుకని ఆ రెండో కంపెనీదే, నిరుడు వచ్చిన మోడల్ తీసుకోవాలి. పెట్టగానే పనిచేస్తుంది. నేను తలూపాను. విన్నానని ఆవిడ అనుకుంది.

ఆ రోజు నేను ఏలూరు బజారులోనే ఉన్నాను. ఆవిడ ఫోన్ చేసి మోడల్ పేరు చెప్పి, నా చేత రెండుసార్లు పలికించుకుంది. చివర్లో ఒక మాట అంది. "ఏవండీ, పడేదే తీసుకోండి. పడనిది ఎంత మంచిదైనా మనకొద్దు."

ఈ పడటం అనే మాట దగ్గర నేను చాలాసార్లు ఆగి ఆలోచించాను. ఆవిడ అన్నది నాకు వంకాయ పడదు అనే అర్థంలో. ఆ ఇద్దరికీ పడదు అంటామే, ఆ అర్థంలో. నా వ్యాపారంలో పడటం అంటే వేరు. ఈ గేరుబాక్సు ఆ మోటారుకి పడుతుందా అంటే బోల్టు కన్నాలు కలుస్తాయా అని. కలిస్తే పడినట్టే, బిగించి వచ్చేయడమే.

షాపతను ఆవిడ చెప్పిన మోడల్ పై అరలోంచి దింపాడు. డబ్బా మీద దుమ్ము ఉంది. గుడ్డతో తుడిచి నా ముందు పెట్టి, మూత తీసి చూపించాడు. పక్కనే అద్దాల బీరువాలో దానికంటే కొత్తది ఉంది, అదే కంపెనీది, ఆ నెలలోనే వచ్చింది. కొంచెం ఎక్కువ ధర. నేను ఏరేటర్లు అమ్మేవాణ్ణి. నిరుటి మోడల్ కొనేవాణ్ణి చూస్తే నాకు జాలి. ఇదెందుకు, అదే ఇవ్వండి అన్నాను.

"పడుతుందా?" అని అడిగాను.

అతను మా కంప్యూటర్ క్యాబినెట్ కొలతలు అడిగి, కార్డు పొడుగు వేళ్ళతో కొలిచి, కార్డు గుచ్చే స్లాటు ఏదో అడిగి, "సుబ్బరంగా పడుతుందండీ," అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. నేను అడిగినదానికి జవాబు చెప్పాడు.

ఇంటికొచ్చి ఆవిడకి డబ్బా ఇచ్చేటప్పుడు మోడల్ పేరు చూసి ఆవిడ ముఖం మారింది. ఇది నేను చెప్పింది కాదు కదండీ అంది. అప్పుడు నా నోటివెంట ఒక చిన్న అబద్ధం వచ్చింది. అది లేదట, అయిపోయిందట, దానికంటే మంచిది ఇచ్చాడు, పడుతుందా అని అడిగే తెచ్చాను అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు వెతుక్కుంటే పెద్ద కారణం ఏమీ దొరకదు. వాదన ఎందుకులే అనుకున్నాను. పెట్టి చూశాక ఆవిడే మెచ్చుకుంటుందనుకున్నాను.

స్లాటులో కార్డు చక్కగా కూర్చుంది. ఆవిడ స్క్రూ బిగించింది. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది, తెర మీద రెండు వరసలు అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. ఆ తర్వాత నలుపు. ఆవిడ ఆ సాయంత్రమూ మర్నాడూ నెట్‌లో చదివింది, రకరకాల ఆదేశాలు కొట్టి చూసింది. చివరికి కార్డు ఊడబీకింది. అది తీసేస్తే పాత తెర మళ్ళీ మామూలుగా వెలిగింది.

"దీనికి డ్రైవరు ఇంకా రాయలేదండీ. ఆర్నెల్లు పడుతుందట," అంది. షాపులో మార్చి ఇస్తారేమో కనుక్కోమంది. సీలు విప్పాక తీసుకోరులే అన్నాను. అడగకుండానే అన్నాను. వెళ్ళి అడిగితే, మీరు మొదట అడిగింది ఇదిగో అని అతను అదే డబ్బా దింపుతాడు. దాన్ని తెస్తే, లేదన్నారుగా అని ఆవిడ అంటుంది.

ఆ ఆదివారానికి కదిలే నీళ్ళు తయారు కాలేదు. ఆవిడ రెండు బొమ్మలు అచ్చు వేయించి ఇచ్చింది. ఒకదాంట్లో చర్చి మెట్లు పొడిగా ఉన్నాయి, రెండోదాంట్లో నీలం రంగు పులిమినట్టు ఉంది. పాస్టరుగారు మర్యాదగా తీసుకున్నారు. అక్కడి పెద్దలు సరస్సుని పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాళ్ళు, వాళ్ళే మాట్లాడుకుని ఎత్తు లేపారు. చర్చి బాగానే కట్టారు. నేను ఆ దారిన వెళ్ళినప్పుడల్లా కనపడుతుంది. కల్యాణ మండపం పని మాత్రం భీమవరంలో ఎవరికో వెళ్ళింది. ఆవిడ ఆ తర్వాత ఎవరి దగ్గరా పని ఒప్పుకోలేదు. కార్డు బీరువాలో కనపడుతుంటే నాకే ఇబ్బందిగా ఉండి, ఆటల సెంటరు నడిపే ఒకతనికి వచ్చిన ధరకి ఇచ్చేశాను.

ఇక కథ. పెంటపాడులో మా వదినగారింట్లో, అంటే మా ఆవిడ అక్కగారింట్లో, భోజనాలప్పుడు మా తోడల్లుడు అడిగాడు, మీ చర్చి సినిమా ఎంతవరకు వచ్చిందని. నాకు ఏదో ఒకటి చెప్పాలి. "మీ మరదలుగారు నెల్లాళ్ళు చదివి ఒక కార్డు తెప్పించారండీ. పెట్టగానే ఉన్న వెలుతురు కూడా పోయింది. రేషన్ సిస్టమ్ కదా, కరెంటు కోత కూడా దాంతోపాటే వచ్చింది," అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. మా ఆవిడా నవ్వింది. షాపులో సరుకు లేకపోతే పాపం ఈయనేం చేస్తారు, నలుగురిలో ఆయన తెచ్చిందని ఎందుకు చెప్పడం అని ఊరుకుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆవిడ నవ్వడం చూసి నాకు ధైర్యం వచ్చింది. రెండోసారి చెప్పాను. తర్వాత నేను చెప్పనక్కర్లేకపోయింది.

ఏళ్ళు గడిచాయి. మా అమ్మాయి ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతోంది. స్నేహితురాళ్ళతో కలిసి అద్దె గదిలో ఉంటుంది. చేప మొప్పలు ఫోన్‌తో ఫోటో తీస్తే జబ్బు ఉందో లేదో కంప్యూటరే చెప్పేలా ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. నాతో చిన్నప్పుడు చెరువుల మీద తిరిగిన ఫలితం కావచ్చు. కాలేజీలో అందరూ వాడేది లినక్సే. గదిలో ఉన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఒక ఆదివారం ఇంటికి వచ్చి, అన్నం తింటూ నన్ను అడిగింది.

నాకేం తెలుసు, అమ్మని అడుగు అన్నాను.

"అమ్మనా? ఉన్న వెలుతురు కూడా పోగొట్టుకోనా?" అంది నవ్వుతూ.

అది నా వాక్యమే. చివరి మాట ఒక్కటే మారింది. ఈసారి మా ఆవిడ నవ్వలేదు. కోపంగా కూడా లేదు. మజ్జిగ గిన్నె అమ్మాయి వైపు జరిపి, లేచి వంటింట్లోకి వెళ్ళింది. అమ్మాయికి అందులో తప్పేమీ కనిపించలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వింటున్న మాట అది. వాళ్ళమ్మకి వంట తెలుసు, లెక్కలు తెలుసు, కంప్యూటర్ కార్డులు మాత్రం తెలియవు. ఆ నమ్మకం దానిలో నేనే నాటాను. నేను అప్పుడే నోరు విప్పవలసింది, విప్పలేదు.

భోజనం అయ్యాక ఇద్దరం బండి మీద షాపుకి వెళ్ళాం. పాత షాపు లేదు, ఇది వేరే. కౌంటరు దగ్గర పిల్లాడు చకచకా మాట్లాడుతున్నాడు. అమ్మాయి ఒక డబ్బా చూపించి, మాది లినక్స్, ఇది పడుతుందా అని అడిగింది.

"ఏ క్యాబినెట్‌లో అయినా పడుతుంది మేడమ్," అన్నాడు.

అమ్మాయి పర్సు తీస్తోంది. నేను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. ఏమైంది నాన్నా అంది. పక్కన చెరుకురసం బండి దగ్గర నిలబెట్టి మొత్తం చెప్పాను. దుమ్ము డబ్బా సంగతి, అద్దాల బీరువా సంగతి, పడుతుందా అని నేను అడిగిన సంగతి. అమ్మాయి గ్లాసు పట్టుకుని విన్నది.

"నేను అలా అన్నానని అమ్మ ఫీలైంది కదా. అందుకని ఇప్పుడు చెప్తున్నావు," అంది. దానికి నామీద జాలి కూడా వేసినట్టుంది. "పర్లేదు నాన్నా, వెళ్ళి సారీ చెప్తాను. నువ్వు కథలు అల్లక్కర్లేదు."

ఇంటికొచ్చాం. మా ఆవిడ వెనక వరండాలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. అమ్మాయి పక్కన కూర్చుని ఒక లంగా అందుకుంది. "అమ్మా, ఆ కార్డు నాన్న మార్చి తెచ్చాడట, నిజమా?"

"ఆయన తెచ్చిందే. నేను చెప్పింది షాపులో అయిపోయిందంటే, ఉన్నది తెచ్చారు. ఆయన తప్పేముంది?"

అమ్మాయి నా వైపు చూసింది. చెరుకురసం బండి దగ్గర విన్నది వేరు, ఇది వేరు. దాని చూపులో అప్పుడు నమ్మకం మొదలవడం నేను చూశాను, అది నాకు సుఖమైన సంగతి కాదు.

"అయిపోలేదు," అన్నాను.

మా ఆవిడ మడత ఆపింది. "ఏంటండీ?"

"నువ్వు చెప్పిన మోడల్ ఉంది. అతను దింపి, మూత తీసి నా ముందు పెట్టాడు. నేనే వద్దన్నాను."

"ఉందా?" అంది.

అంతే అంది. ఇన్నేళ్ళు ఆవిడ నన్ను కాపాడుతూ వచ్చింది సరుకు లేదన్న నా మాట నమ్మి. ఆవిడ చేతిలో నా చొక్కా ఉంది. దాన్ని మడతపెట్టడం పూర్తిచేసింది, దొంతర మీద పెట్టింది. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, నీ కార్డుతో ఏం పని చేయాలో చెప్పు ముందు అంది.

అమ్మాయి చెప్పింది. మా ఆవిడ అడుగుతూ పోయింది. ఫోటోలు ఎంత పెద్దవి, కంప్యూటర్‌కి నేర్పించడానికి కాలేజీవాళ్ళు చెప్పిన సాఫ్ట్‌వేర్ ఏది, పవర్ సప్లై మీద ఏం రాసుంది, లినక్స్‌లో కూడా ఏ రకం వేసుకున్నారు. నేను అనుకున్నది అప్పటి కంపెనీ పేరే చెబుతుందని. చెప్పలేదు. బొమ్మలు గీసుకోవడానికైతే అదే మంచిది, నీ పనికి సాఫ్ట్‌వేర్లన్నీ తాళం పెట్టె కంపెనీ కార్డు మీదే తేలిగ్గా నడుస్తాయి, ఇప్పుడు వాళ్ళ డ్రైవరు ఎక్కించడం కూడా కష్టం కాదు అంది. వేగం కంటే మెమరీ ఎక్కువ చూడు, ఈ నెలలో వచ్చినది మాత్రం కొనకు అంది. ఇంత సంగతి ఆవిడ ఎప్పుడు చదివిందో నాకు తెలియదు. పని మానేసిందనే అనుకున్నాను, చదవడం మానలేదు. అమ్మాయి ఫోన్‌లో రాసుకుంటోంది. లంగా దాని ఒడిలో అలాగే ఉండిపోయింది. సాయంత్రం పాసింజరు రైలుకి అమ్మాయిని స్టేషన్‌లో దింపితే, నా బండి దిగుతూ, "ఇంకా ఎవరెవరికి చెప్పావు నాన్నా ఆ జోకు?" అని అడిగింది. చాలామందికి అన్నాను.

అమ్మాయి కార్డు తర్వాతి వారం కొన్నారు. తల్లీకూతుళ్ళే వెళ్ళి కొన్నారు. పనిచేస్తోంది.

నేను పెంటపాడు ఫోన్ చేసి వదినగారికి చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "మా చెల్లెలు ఏమైనా అలిగిందా మరిదిగారూ?" అన్నారు. కాదండీ, నిజం అన్నాను. "అయ్యో, భార్యని వెనకేసుకొస్తే తప్పేముందండీ, మంచిదే," అని నవ్వారు. తోడల్లుడు అయితే ఈ కొత్త కథ పాతదానికంటే బాగుందన్నాడు. అబద్ధం చెప్పినంత తేలిగ్గా ఇది చెప్పడం నాకు చేతకావడం లేదు. నవ్వు రావడానికి అందులో ఏమీ లేదు.

మా ఆవిడ దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు. మామూలుగానే ఉంది, నా క్యారేజీ కడుతుంది, కైకలూరు వెళ్తున్నానంటే చేపలు తెమ్మంటుంది. మొన్న పొద్దున నేను బూట్లు తొడుక్కుంటుంటే బియ్యం కడుగుతూ అడిగింది.

"ఏవండీ, ఆ రోజు షాపతను మూత తీసి చూపించాడన్నారు కదా. ఫ్యాన్ ఒకటా, రెండా?"

నేను కళ్ళు మూసుకుని గుర్తుచేసుకున్నాను. "ఒకటే. చిన్నది."

"కరెంటు వైరు పెట్టుకునే చోటు విడిగా ఉందా?"

"లేదు. అది అక్కర్లేదని అతను చెప్పాడు."

ఆవిడ కడుగు నీళ్ళు వంపింది. గిన్నెలో మళ్ళీ నీళ్ళు పోసింది.

"అదేనండీ," అంది. "పెట్టగానే పనిచేసేది."